భుజం తట్టాకే రివర్సు

మా షెడ్డులో ఎవరూ ఎవర్నీ పిలవరు. పిలిచినా ఒకటే, పిలవకపోయినా ఒకటే. ఒక పక్క నేను డోరు మీద సుత్తితో బాదుతుంటాను, ఇంకో పక్క గ్రైండరు అరుస్తుంటుంది, వెనకాల కంప్రెసరు పొద్దస్తమానం దడదడలాడుతుంటుంది. ఇంత గోలలో గొంతు చించుకున్నా ఒరిగేదేమీ లేదు. అందుకని ఎదురుగా వెళ్లి నిలబడి మాట్లాడతాం, మూతి చూసి మాట పట్టుకుంటాం. కొత్తగా వచ్చిన కస్టమర్లు మమ్మల్ని చూసి, వీళ్లకేమైనా తిక్కా, నోళ్లు కదుపుతారు గాని మాట బయటికి రాదేంటి అనుకుంటారు. అనుకోనీ. వాళ్లకి కావాల్సింది కారు సొట్ట పోవడం, నాకు కావాల్సింది వాళ్లు త్వరగా పోవడం.

ఇంకో పద్ధతి కూడా ఉంది. మా షెడ్డు ఇరుకు. ఏ బండి వెనక ఎవడు వంగి పని చేస్తున్నాడో సీట్లో కూర్చున్నవాడికి తెలీదు. కాబట్టి బండి వెనక్కి తియ్యాలంటే ముందు కిందకి దిగాలి, నడుచుకుంటూ వెనక్కి వెళ్లాలి, అక్కడున్నవాడి భుజం తట్టాలి. వాడు లేచి జరిగాకే ఇంజన్ స్టార్ట్ చెయ్యాలి. హారన్ కొట్టి ఊరుకుంటే కుదరదు. ఒకసారి మా బాబాయి కొడుకు బద్ధకించి దిగకుండా రివర్సు వేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు, అయినా వాణ్ణి ఆ పూటే బయటికి గెంటేశాను. ఇప్పటికీ మా బాబాయి నాతో మాట్లాడడు. మాట్లాడకపోతే మానె.

ఈ పద్ధతిలో పెరిగినవాడే నా బావమరిది.

తల్లీ తండ్రీ పోతే మా ఆవిడే వాణ్ణి సాకింది. పెళ్లయి నా ఇంటికి వస్తూ వేలు పట్టుకుని వెంట తెచ్చుకుంది. "ఇదేంటి, పెళ్లాం వస్తుందనుకుంటే సంసారమే దిగింది?" అన్నాను నవ్వులాటకి. ఆ మాట ఆవిడ ఇప్పటికీ నా మొహాన కొడుతుంది. వాడు బడి ఎగ్గొట్టి షెడ్డుకొచ్చేవాడు. చేతులు చిన్నవి కదా, డోరు లోపలికి దూరేవి. లోపల తల పెట్టి వాడు డాలీ, అదే ఇనప దిమ్మ, అదిమిపట్టేవాడు, బయటి నుంచి నేను సుత్తితో బాదేవాణ్ణి. ఈ పని నేర్చుకున్న ప్రతివాడూ అలాగే నేర్చుకున్నాడు, నేనూ అలాగే నేర్చుకున్నాను. నాకు ఒక చెవి పోయింది. వాడికి రెండూ పోయాయి. పూర్తిగా కాదు, ఎదురుగా నిలబడితే అంతా వింటున్నట్టే ఉంటాడు. వెనక నుంచి మాత్రం ఆకాశం విరిగిపడినా తెలీదు.

కానీ ఆ సంగతి బయటివాళ్లెవరికీ తెలిసేది కాదు. దానికి కారణం వాడి కళ్లు.

మేం సొట్ట తీశాక పైన ట్యూబులైటు వేసి, ఆ తెల్ల గీత రేకు మీద ఎలా పడుతుందో చూస్తాం. తిన్నగా సాగితే రేకు బాగున్నట్టు, ఎక్కడైనా వణికితే అక్కడ ఇంకా పనున్నట్టు. నేనైతే ఓ కన్ను మూసి, నడుం వంచి, నానా తిప్పలు పడేవాణ్ణి. వాడు టీ తాగుతూ, నడుస్తూ నడుస్తూ చెప్పేసేవాడు. అందుకే షెడ్డులో అందరూ వాణ్ణి అద్దం అని పిలిచేవాళ్లు. వాడి వెనక నిలబడి నేను మా ఆవిడతో, "మీ తమ్ముడికి ఈ మధ్య ఒళ్లు బరువెక్కింది, గమనించావా?" అంటే, ఎదురుగా ఉన్న నల్లకారు డోరులో నా మూతి చూసి, తల తిప్పకుండానే, "విన్నాన్లే బావా" అనేవాడు. వెధవకి వీపున కూడా చెవులున్నాయని పడీ పడీ నవ్వేవాళ్లం.

ఒకరోజు ఓ తెల్లకారాయన వచ్చాడు. రంగు కలవలేదట, షేడు తేడాగా ఉందట. ఇంకో బండికి సొట్ట పూడ్చే లప్పం పెట్టిన చోట అద్దం కూర్చుని వాటర్ పేపరుతో రుద్దుతున్నాడు. వెనక నుంచి ఆయన, "ఏయ్, నిన్నే" అన్నాడు. మళ్లీ అన్నాడు. వీడు పలకలేదు. ఎదురుగా ఉన్నది లప్పం రాసి మెరుపు పోయిన డోరు, అందులో ఏం కనపడుతుంది? ఆయనకి పొగరనిపించింది. మెడ మీద ఫెడీమని ఒక్కటిచ్చాడు.

నేను పరుగున వెళ్లాను. ఆయన్ని కొడదామనే వెళ్లాను, ఒట్టు. వెళ్లాక చేతులు జోడించాను. అద్దె షెడ్డు, ఆయనకి పదిమంది తెలుసు. అద్దం లేచి నిలబడి నావైపే చూస్తున్నాడు. ఆ చూపు నాకిప్పటికీ ఒంట్లో ముల్లులా ఉంది.

అదంతా ఓ మూల కుర్చీలో కూర్చుని చూసినవాడు ఇస్త్రీ సారు. మేం పెట్టిన పేరే అది. సైన్యంలోకి కుర్రాళ్లని చేర్చే ఆఫీసులో పని. ఎండైనా వానైనా ప్యాంటు మడత చెడదు. ఆయన జీపు ముందు బంపరు గుద్దించుకుని మా దగ్గరికి వచ్చింది. తెల్లకారాయన వెళ్లాక ఇస్త్రీ సారు లేచి, అద్దం ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. సరిగ్గా ఎదురుగా. అది నేను అప్పుడే గమనించాల్సింది.

"దెబ్బ గట్టిగా తగిలిందాండీ?" అన్నాడు.

అద్దం అటూ ఇటూ చూశాడు, ఎవర్ని అంటున్నాడా అని. వాణ్ణి పుట్టాక ఎవరూ అండీ అనలేదు.

"మీలాంటి కుర్రాళ్లు ఇలాంటి చోట ఇలాంటి దెబ్బలు తినడం నాకు నచ్చలేదండీ. తీరిక చేసుకుని ఒకసారి మా ఆఫీసుకి రండి. ఊరికే, కూర్చుని మాట్లాడుకుందాం."

అంతే. ఆ ఒక్కమాటతో మా కొంపకి నిప్పు పెట్టి, జీపెక్కి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి అన్నం తింటూ అద్దం మెల్లిగా విషయం కదిపాడు. మా ఆవిడ గరిటె కంచంలో పడేసింది. "సైన్యమా? నువ్వా? ఒరేయ్, నీకు వెనక నుంచి కుక్క మొరిగినా వినపడదు. అక్కడ నీ భుజం ఎవడు తడతాడురా?"

"ఇక్కడ తట్టేది భుజం ఒక్కటే కాదుగా అక్కా," అన్నాడు వాడు, మెడ తడుముకుంటూ.

ఆవిడ కంచంలో పడ్డ గరిటె తీసి వాడికి ఇంకాస్త అన్నం వడ్డించింది.

ఒంటరిగా పంపితే ఏం రాసిచ్చి వస్తాడోనని ఆఫీసుకి నేనూ వెంట వెళ్లాను. ఫొటో స్టూడియో పైన రెండు గదులు. గోడల నిండా బొమ్మలు, మంచుకొండల మీద నవ్వుతున్న కుర్రాళ్లు. ఒక్కడి చేతికీ మసి లేదు. ఇస్త్రీ సారు లేచి నిలబడి మాకు కుర్చీలు చూపించాడు. సాసరు మీద కప్పు పెట్టి టీ ఇచ్చారు. అద్దం ఆ సాసరుని రెండు చేతులా పట్టుకుని, తాగాలో వద్దో తెలీనట్టు కూర్చున్నాడు.

నేను అడగాల్సినవన్నీ అడిగాను. "యుద్ధం వస్తే ఏంటి సారూ?"

"ఇప్పట్లో ఎక్కడొస్తుందండీ? అయినా రోడ్డు మీద లారీ కింద పడి పోయేవాళ్లు లేరూ?"

"వీడికి అక్కడ ఏం పని ఇస్తారు?"

"ఆయన యోగ్యతని బట్టి."

"అక్కడ నచ్చక వచ్చేస్తానంటే?"

"అలా అన్నవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదండీ."

అన్నవాళ్ల మాట ఇక్కడిదాకా రానిస్తే కదా అనుకున్నాను. ఏది అడిగినా చేతికి చిక్కకుండా జారిపోతున్నాడు. అద్దం మాత్రం ఆయన మూతినే చూస్తూ, ఒక్క ముక్క కూడా వదలకుండా తాగేస్తున్నాడు.

తిరిగి వస్తుంటే దారిలో అన్నాడు, "బావా, ఆయన నన్ను కూర్చోమన్నాడు."

"నేను ఏనాడూ కూర్చోమనలేదేంట్రా?"

"అన్నావు. డాలీ పట్టుకోవడానికి."

నాకు ఒళ్లు మండింది. నాలుగు తిట్టాను. వాడు రోడ్డు వైపు చూస్తూ నడిచాడు, మూతి చూడకపోతే తిట్లు వాడిదాకా రావుగా. పిచ్చివాడిలా నేనొక్కణ్ణే అరుచుకుంటూ వచ్చాను.

అట్లాగని వాడు వెంటనే తేల్చుకున్నాడా అంటే అదీ లేదు. పొద్దున్నే లేచి పరుగెత్తేవాడు. పనిలో పడితే మళ్లీ మామూలే. ఒకరోజు వెళ్తానంటాడు, ఒకరోజు నిన్నూ అక్కనీ వదిలి ఎక్కడికి పోతాను బావా అంటాడు. చివరికి ఒకనాడు మా ఆవిడ దగ్గర కూర్చుని, "అక్కా, నువ్వు వద్దంటే వెళ్లను. ఒక్కమాట చెప్పు, మళ్లీ ఆ ఊసెత్తను," అన్నాడు.

ఎంత పెద్ద బరువు ఎంత తేలిగ్గా నెత్తిన పెట్టాడో చూడండి. ఆవిడ వద్దంటే ఆగిపోతాడు. ఆగిపోయి, జన్మంతా ఆ తెల్లకారు లాంటి ప్రతి కారు ముందూ వంగున్నప్పుడల్లా, అక్క వద్దంది కదా అనుకుంటాడు. ఆవిడకి అది భరించే శక్తి లేదు. పోనీ వెళ్లమంటుందా? చావనైనా చస్తుంది గాని అనదు. లేచి వంటగదిలోకి పోయింది.

మర్నాడు నాతో అంది, "వద్దనే మాట నేనెందుకు అనాలి? వాళ్లే అంటారు. వాళ్ల దగ్గర డాక్టర్లుంటారు కదా, చెవులు చూస్తారు కదా. వెళ్లి రానీ. చెవుడని తిప్పి పంపిస్తారు, నాలుగు రోజులు ఏడుస్తాడు, తర్వాత మామూలైపోతాడు."

నాకూ అది మహా తెలివైన ఆలోచన అనిపించింది. ఇద్దరం కలిసి తెలివి ఒలకబోశాం.

కానీ ఆవిడకి ఓ అనుమానం పట్టుకుంది. "వీడు గడుసు వెధవ. ఎట్లాగో గట్టెక్కేస్తాడు. మనం ముందే వెళ్లి ఆ సారు చెవిన వేసి వద్దాం పద." సరేనన్నాను. వాడికి తెలీకుండా, సామాన్ల కోసం వెళ్తున్నామని చెప్పి, ఇద్దరం ఆ మేడ ఎక్కాం.

మా ఆవిడ కుర్చీలో కూర్చోలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడే అంతా చెప్పింది. "సారూ, మా తమ్ముడికి చెవులు వినపడవు. ఎదురుగా ఉంటే మూతి చూసి చెప్పేస్తాడు, మీకు అనుమానమే రాదు. వెనక నుంచైతే ఒక్కమాట వినపడదు. మీ డాక్టరు గారు వెనక నిలబడి అడిగినా నమ్మకండి. ఎదురుగా ఏ అద్దమో, మెరిసే బీరువానో ఉందంటే అందులో మూతి చూసి చెప్పేస్తాడు. మా షెడ్డులో కారు డోరులో చూసి చెప్తాడు సారూ, అబద్ధం కాదు. అందుకని వాడి ఎదురుగా మెరిసేదేదీ లేకుండా చూడండి. మేం చెప్పామని మాత్రం వాడికి తెలియనివ్వకండి."

ఇస్త్రీ సారు ఎంత శ్రద్ధగా విన్నాడు! మధ్యలో ఒకసారి, "కారు డోరులోనా?" అని కూడా అడిగాడు. ఆవిడ మళ్లీ చెప్పింది, కాస్త గర్వంగా కూడా చెప్పింది, తమ్ముడు కదా.

"చెప్పి చాలా మంచిపని చేశారమ్మా," అన్నాడు లేచి. "మీరు నిశ్చింతగా ఇంటికి వెళ్లండి. మిగతాది నేను చూసుకుంటాను."

మెట్లు దిగుతూ మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. "మంచివాడండీ పాపం," అంది. నేనూ అవునన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మొహాన నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

పరీక్ష రోజు రానే వచ్చింది. మా ఆవిడే వాడి చొక్కా ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చింది. "నువ్వు వెళ్లమన్నట్టేనా అక్కా?" అని అడిగాడు. "వెళ్లి రా," అంది ఎదురుగా నిలబడి. వాడు వెళ్లాక నాతో, "సాయంత్రానికి మొహం వేలాడేసుకుని వస్తాడు, మీరేమీ ఎగతాళి చెయ్యకండి," అని ముందే హెచ్చరించింది.

మొహం వేలాడేసుకుని రాలేదు. ఎగురుకుంటూ వచ్చాడు. షెడ్డులోకి వస్తూనే నన్ను గాల్లోకి ఎత్తబోయి, నా బరువుకి ఆగిపోయి, "పాసయ్యాను బావా!" అన్నాడు.

సుత్తి కింద పెట్టి అడిగాను, "చెవులు చూడలేదా?"

"చూడకపోవడమేంటి! డాక్టరు వెనకాల నిలబడి మెల్లిగా అంకెలు చెప్తాడు, మనం తిరిగి చెప్పాలి. మొదట కుర్చీ గోడవైపు ఉంది. అయిపోయాన్రా దేవుడా అనుకున్నాను. అంతలో ఇస్త్రీ సారు లోపలికొచ్చి, నన్ను చూపించి, ఈయనకి ఫ్యాను గాలి తగలట్లేదు అని, ఆయనే స్వయంగా కుర్చీ తిప్పి మందుల బీరువా ఎదురుగా వేశాడు. స్టీలు బీరువా బావా! మన పాలిష్ ఏం పనికొస్తుంది దాని ముందు. డాక్టరు మూతి మీసంతో సహా కనపడింది. ఒక్కటి తప్పితే ఒట్టు. మా ఇస్త్రీ సారుది ఏం చెయ్యి బావా, ఆయనకి తెలీకుండానే నన్ను గట్టెక్కించాడు!"

మా ఆవిడ వాడి వెనకే ఉంది, నీళ్ల బకెట్టు పట్టుకుని. అంతా వింది. బకెట్టు నేల మీద మెల్లిగా పెట్టి, గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. వాడు చూడలేదు. నేను చూశాను. తన నోటితో తనే దారి చెప్పి వచ్చిందని ఆవిడకి ఆ క్షణంలోనే అర్థమైంది.

నేను వాడి రెండు భుజాలూ పట్టుకుని మూతి ముందు మూతి పెట్టి అరిచాను. "ఒరేయ్ చెవిటి వెధవా, అక్కడ నీ ఎదురుగా ఎవరూ నిలబడరురా! వెళ్లకు."

వాడి మొహం మాడిపోయింది. "వాళ్లు పరీక్ష పెట్టి పాసన్నారు బావా. నువ్వొక్కడివే నన్ను చెవిటివాడంటున్నావు. డాలీ పట్టుకోవడానికి మనిషి కావాలని నేరుగా చెప్పు."

వాడి భుజాలు వదిలేశాను.

నేనూ మా ఆవిడా పరుగున ఆ మేడ మీదకి వెళ్లాం. ఈసారి కుర్చీ చూపించలేదు. సాసరూ లేదు, కప్పూ లేదు. "ఏంటయ్యా, మళ్లీ ఏంటి?" అన్నాడు ఇస్త్రీ సారు.

"మీకు చెప్పాం కదా సారూ," అంది మా ఆవిడ. "అంత విడమరచి చెప్పాను కదా."

"నువ్వు చెప్పావు, నేను విన్నాను. కుర్రాడికి చేరాలని ఉంది, సాయం చేశాను. నన్నూ అడిగేవాళ్లుంటారు పైన, ఈ నెల ఎంతమందిని తెచ్చావని. ఇప్పుడు నువ్వెళ్లి వాడికి చెవుడని చెప్పు, పరీక్షలో దగా చేశాడని పట్టుకెళ్తారు. దాచిపెట్టినందుకు మీ ఆయన్నీ పిలుస్తారు. తమ్ముణ్ణి జైలుకి పంపుతావో, ఉద్యోగానికి పంపుతావో నీ ఇష్టం."

అది నిజమో అబద్ధమో మాకేం తెలుసు? సొట్టలు తీసుకునేవాళ్లం. భయపడ్డాం. ఆ మెట్లే మళ్లీ దిగాం. మా ఆవిడ ఇంటికొచ్చి తమ్ముడికి బట్టలు సర్దింది.

వెళ్లేరోజు బస్సు దగ్గర వాడి మొహాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, నెమ్మదిగా, పెదాలు బాగా కదిపి చెప్పింది. "ఎక్కడ కూర్చున్నా గోడకి వీపు పెట్టుకుని కూర్చో. వెనక ఖాళీ ఉంచుకోకు." వాడు నవ్వాడు. సరేనన్నాడు.

అక్కడ వాడికి ఏ పని ఇచ్చారో తెలుసా? సొట్టలు తీసే పని! బండ్ల షెడ్డులో వేశారు. సుత్తీ డాలీ చేతికిచ్చారు. ఏ పని వదిలించుకోవాలని వెళ్లాడో ఆ పనే యూనిఫాంలో చెయ్యమన్నారు. వాడు ఫోనులో బొమ్మ కనపడేలా మాట్లాడేవాడు, మా మూతులు కనపడాలి కదా. మొదట్లో నవ్వుతూనే చెప్పాడు. తర్వాత్తర్వాత నవ్వు తగ్గింది. "ఇక్కడ ఎవరూ ఎవర్నీ ముట్టుకోరు బావా. అన్నిటికీ అరుపులే. నలుగురు నావైపు చూస్తుంటే, ఎవరో పిలిచినట్టున్నారని తిరుగుతాను. పొగరుబోతు అంటున్నారు." ఇస్త్రీ సారు సంగతి మా ఆవిడ వాడికి చెప్పలేదు. నేను చెప్తానంటే ఒట్టు పెట్టింది. వాణ్ణి గౌరవంగా చూసిన మనిషి లోకంలో ఒకడున్నాడని వాడు అనుకుంటున్నాడు, అదైనా ఉండనివ్వమంది.

తర్వాత ఒక మధ్యాహ్నం ఇద్దరు మనుషులు వచ్చారు. టోపీలు తీసి చేత్తో పట్టుకున్నారు. అది చూడగానే నాకు తెలిసిపోయింది. గ్రైండరు ఆపమన్నాను, కంప్రెసరు ఆపమన్నాను. మా షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

వాడు ఓ జీపు తలుపు దగ్గర వంగి పని చేసుకుంటున్నాడట. వెనక నుంచి లారీ రివర్సులో వచ్చిందట. డ్రైవరు హారన్ కొట్టాడట. పక్కనున్నవాళ్లు అరిచారట. లేవలేదట. "పదేపదే హెచ్చరించినా ఆయన నిర్లక్ష్యం చేశారండీ. తప్పు ఆయనదేనని తేలింది," అన్నాడు ఇద్దర్లో పెద్దవాడు. చచ్చిపోయాక మళ్లీ ఆయన అయ్యాడు వాడు.

మా ఆవిడ ఏడవలేదు. వాళ్ల మొహాల్లోకి చూస్తూ అడిగింది, "డ్రైవరు కిందకి దిగలేదా?"

వాళ్లకి అర్థం కాలేదు.

"దిగి భుజం తట్టలేదా ఎవరూ?"

"అరిచారమ్మా. చాలా గట్టిగా అరిచారట."

"తట్టలేదా?" అంది మళ్లీ. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

వాడికి నిర్లక్ష్యమా? వాడు నిర్లక్ష్యం చెయ్యలేదు, నమ్మాడు. బండి వెనక్కి తీసేవాడు ముందు దిగి వచ్చి భుజం తడతాడని నమ్మి కూర్చున్నాడు. వాడికి ఊహ తెలిసినప్పటి నుంచి వాడి భుజం తట్టకుండా ఏ బండీ కదల్లేదు. అది మేం నేర్పిన నమ్మకమే.

ఇక చివరి సంగతి చెప్పి ముగిస్తాను. మొన్న ఇస్త్రీ సారు జీపు మళ్లీ మా షెడ్డుకి వచ్చింది. ఈసారి వెనక డోరు సొట్ట. ఇంకెక్కడా షెడ్లు లేనట్టు. దిగి నా దగ్గరికి వచ్చి, "చాలా మంచి కుర్రాడండీ ఆయన. తెలిసి బాధపడ్డాను," అన్నాడు. మళ్లీ అండీలోకి వచ్చాడు. జీపు లోపల పెట్టాలంటే అడ్డంగా ఉన్న కారు వెనక్కి తియ్యాలి. వెళ్లి సీట్లో కూర్చున్నాను.

కారు అద్దంలో చూస్తే ఇస్త్రీ సారు వెనకే నిలబడి ఉన్నాడు, వీపు నావైపు పెట్టి. ఫోనులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. అప్పుడు గ్రైండరూ కంప్రెసరూ ఆగి ఉన్నాయి, నాకున్న ఒక్క చెవికీ ఆ మాటలు చక్కగా వినపడ్డాయి. "ఊరికే రండి మీరు, కూర్చుని మాట్లాడుకుందాం."

నేను దిగాలి. నా షెడ్డు, నా నియమం. బాబాయి కొడుకుని గెంటేసిన నియమం. దిగలేదు. దిగబుద్ధి కాలేదు. ఇంజన్ స్టార్ట్ చేసి రివర్సు గేరు వేశాను. క్లచ్చి మీద కాలు దానంతటదే లేస్తోంది. అబద్ధం, దానంతటదే కాదు, నేనే లేపుతున్నాను. బండి కదిలింది.

"సారూ! తప్పుకోండి!"

మా ఆవిడ. తమ్ముడు పోయాక వాడి పని తనే చేస్తూ లప్పం డోరు దగ్గర కూర్చున్నది లేచి, గొంతు పగిలేలా అరిచింది. మా షెడ్డులో ఎవరూ అరవరు. ఆవిడ అరవడం నేను మొదటిసారి విన్నాను.

ఆయన ఎగిరి పక్కకి దూకాడు. ఫోను కింద పడింది. నేను బ్రేకు తొక్కాను. మొహం పాలిపోయి, మడత నలిగిన ప్యాంటుతో వచ్చి, "కళ్లు కనపడట్లేదా మేస్త్రీ? దిగి చూసుకోవద్దా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ చెప్పింది. కోపంగా కూడా కాదు, బండి ఎప్పటికి తయారవుతుందో చెప్పినంత మామూలుగా.

"మీకు వినపడుతుంది కదా సారూ. అందుకని దిగలేదు."

చెప్పి, వంగి, ఆయన ఫోను తీసి, కొంగుతో దుమ్ము తుడిచి ఆయన చేతికిచ్చింది. తర్వాత వెళ్లి మళ్లీ ఆ డోరు ముందు కూర్చుని, వాటర్ పేపరు నీళ్లలో ముంచుకుంది.